పక్కవాద్యాలు లేని చోట

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యెస్‌లో పాడిన జాన్ ఆండర్సన్ ఒక్కడే గిటార్ పట్టుకుని చేసిన కచేరీల గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడం నాకు చాలా సంతోషంగా ఉంది. యెస్ బ్యాండ్ పేరు తెలిసినవాళ్ళు మన దగ్గర తక్కువే. తెలిసినవాళ్ళు మాత్రం ఆ పాటల మీద ప్రాణం పెట్టుకుంటారు. వాళ్ళూ చదవాలి, పేరు కూడా విననివాళ్ళూ చదవాలి. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

నీ వ్యాసంలో ఆయన నోరు తెరిచి పాడేది ఐదో పేరాలో. అప్పటిదాకా బ్యాండ్ చరిత్రే. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎప్పుడు వెళ్ళిపోయారు, ఏ రికార్డు ఏ సంవత్సరం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కష్టపడ్డావు. కానీ వేదిక మీద ఒక మనిషి, ఒక గిటార్ ఉన్నప్పుడు ఆ చరిత్రలో ఏ ముక్క పనికొస్తుందో ఏరుకోవాలి. నేనైతే ఒక్కటే ఉంచుతాను. 1968లో లండన్ సోహోలోని లా షాస్ అనే క్లబ్బులో ఆండర్సన్ బార్ పని చేస్తుండగా, తర్వాత యెస్‌లో బేస్ గిటార్ వాయించిన క్రిస్ స్క్వయర్ పరిచయమయ్యాడు. ఇద్దరినీ కలిపిన మాట సైమన్ అండ్ గార్ఫంకెల్ జంట గురించి, అంటే రెండు గొంతులు కలిసి పాడటం గురించి. ఆ బ్యాండ్ పుట్టిందే గొంతులు కలపాలన్న కోరికతో. నలభై ఏళ్ళ తర్వాత ఆయన పక్కన కలపడానికి ఇంకో గొంతు లేదు. ఇది చెబితే, యెస్ పేరు విననివాడికి కూడా ఆ వేదిక ఎంత ఖాళీగా ఉందో తెలుస్తుంది. బుర్రకథకుడు వంతలు లేకుండా తంబుర ఒక్కదానితో నిలబడితే ఎలా ఉంటుందో మనవాళ్ళు వెంటనే ఊహించుకోగలరు.

రెండో సంగతి 2008. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, నాకది బాధగా అనిపించింది. ఆ ఏడాది ఆయనకు తీవ్రమైన ఆస్తమా వచ్చి ఊపిరి అందని పరిస్థితి వచ్చింది. బ్యాండ్ నలభయ్యో వార్షికోత్సవానికి అనుకున్న కచేరీల యాత్ర రద్దయింది. డాక్టర్లు నెలల తరబడి విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ ఏడాది చివర్లో బ్యాండ్ వేరే గాయకుడితో మళ్ళీ ప్రయాణం మొదలుపెట్టింది. 2009లో, అరవై నాలుగేళ్ళ వయసులో, ఆయన ఒంటరిగా గిటార్‌తో బయల్దేరాడు. ఎవరిది తప్పు అన్న చర్చలోకి వెళ్ళకు. అది నీ వ్యాసాన్ని మింగేస్తుంది. ఊపిరి పోయి తిరిగొచ్చిన మనిషి మళ్ళీ పాడుతున్నాడు. నువ్వు వినాల్సింది ఆ ఊపిరినే.

దీని మీద కొంచెం సేపు ఆగుతాను. బ్యాండ్‌తో పాడేటప్పుడు గాయకుడికి విశ్రాంతి దొరుకుతుంది. యెస్ లాంటి బ్యాండ్‌లో అది ఇంకా ఎక్కువ. 'క్లోజ్ టు ది ఎడ్జ్' పాటే పద్దెనిమిది నిమిషాలకు పైన. అందులో గొంతు వచ్చేదానికి ముందు వాద్యాల తుఫాను కొన్ని నిమిషాలు నడుస్తుంది. ఒంటరి కచేరీలో ఆ నిమిషాలు ఉండవు. పాట కుదించి, గిటార్ వాయిస్తూ, పాడుతూ, తాళం కూడా తనే మోయాలి. దానికి తోడు ఆయనది పై స్థాయి గొంతు. దొంగ గొంతు కాదు, సహజంగానే అంత ఎత్తున పలుకుతుంది. కాబట్టి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో విను. పదం మధ్యలోనా, పాదం చివరా? పొడుగు స్వరాన్ని చివరిదాకా మోశాడా, ముందే దించి గిటార్ మీదికి వదిలాడా? శ్రుతి రికార్డులో ఉన్నదేనా, తగ్గించాడా? నీ ఫోన్‌లో ట్యూనర్ ఉంటుంది, చూసుకో. నువ్వు 'గొంతు చెక్కుచెదరలేదు' అని రాశావు. అది నిజం కావచ్చు. కానీ ఏ పాటలో, ఏ పాదం దగ్గర అలా అనిపించిందో చెప్పకపోతే పాఠకుడు నిన్ను నమ్మడానికి ఆధారం లేదు. ఒకవేళ చెదిరిన చోటు వినిపిస్తే అదీ రాయి. ప్రేమగా రాయి, దాచకు. ఆ గొంతు మీద నీకున్న ఇష్టం దానివల్ల తగ్గదని నాకు తెలుసు.

నేను మొదట్లో చేసిన ఒక తప్పు చెబుతాను. ఒక పెద్ద గాయకుడి కచేరీకి వెళ్ళి, పరవశించిపోయి, ఇంటికొచ్చి ఆయన క్యాసెట్ పెట్టుకుని సమీక్ష రాశాను. రెండో చరణం గురించి అరపేజీ రాశాను. అచ్చయ్యాక ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది. ఆ రోజు ఆయన రెండో చరణం పాడనే లేదట, దగ్గు వచ్చి పల్లవికి వెళ్ళిపోయారట. నేను ముందు వరసలో కూర్చుని కూడా అది వినలేదు. అప్పటికే నా చెవుల నిండా క్యాసెట్ ఉంది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

నీ వ్యాసంలోనూ అదే వాసన వచ్చింది. 'రౌండబౌట్' గురించి నువ్వు రాసిన పేరా 1971 నాటి రికార్డు గురించి. ఆ బేస్ పరుగు, ఆ ఆర్గాన్... అవి ఈ కచేరీలో లేవు కదా! అయితే ఒక మాట. అవి నీకు వినిపించాయంటే నువ్వు అబద్ధం రాశావని కాదు. హాల్లో కూర్చున్నవాళ్ళకీ వినిపిస్తాయి. ఆయన గిటార్ మీద మూడు నాలుగు కార్డ్స్ (ఒకేసారి కలిపి మీటే స్వరాలు) వాయిస్తుంటే, ఏళ్ళ తరబడి ఆ పాట విన్నవాళ్ళ తలలో స్క్వయర్ బేస్ దానంతటదే మోగుతుంది. 2015లో స్క్వయర్ చనిపోయాక ఆ మోత ఇంకా బరువెక్కింది. వ్యాసానికి గుండెకాయ ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. వేదిక మీద ఏముంది, వినేవాడి లోపల ఏముంది, ఈ రెండూ విడదీసి రాయి. కలిపి రాస్తే రెండూ పోతాయి.

ఇంకో సంగతి గమనించావా? ఆండర్సన్ గొప్ప గిటార్ విద్వాంసుడు కాదు. యెస్ రోజుల్లో ఆయన మామూలు కార్డ్స్‌తో ఒక వరస కట్టి తెచ్చేవాడు. బ్యాండ్ గిటారిస్టు స్టీవ్ హౌ, మిగతావాళ్ళు దాన్ని పెంచి, మలిచి, కోటలా కట్టేవాళ్ళు. అంటే ఒంటరి కచేరీలో మనం వింటున్నది కోట కట్టకముందు ఆయన చేతిలో ఉన్న మట్టిలాంటిది. రికార్డులో కూడా 'యువర్ మూవ్' ఉత్త గొంతులతో మొదలై వెంటనే తీగల మీదికి వస్తుంది, 'అండ్ యు అండ్ ఐ' తీగల మీదే మొదలవుతుంది కాబట్టి అవి ఒంటరితనాన్ని సులువుగా తట్టుకుంటాయి. మిగతావి అలా కాదు. ఏ పాట నిలబడింది, ఏది కుంటింది అన్న లెక్క నువ్వు రాస్తే, ఇంగ్లీషులో వచ్చిన సమీక్షలకు కూడా నీ వ్యాసం తీసిపోదు.

యోగానంద ప్రస్తావన గురించి. 1973లో యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ'లో శాస్త్రాల గురించి ఉన్న ఒక అధోజ్ఞాపిక చదివి, దాని మీద ఆయన నాలుగు వైపుల డబుల్ ఆల్బమ్ ఊహించాడన్నది నిజమే. మనవాళ్ళకి చెప్పాలని నీకు ఉబలాటం ఉండటం సహజం. ఉంచు, కానీ మొదటి వాక్యంగా వద్దు. మన పుస్తకం చదివాడు కాబట్టి గొప్పవాడు అన్నట్టు వినిపిస్తోంది. ఆయన పాటల మధ్య కబుర్లు చెబుతాడు కదా, ఆ కబుర్ల గురించి రాసే చోట పెట్టు, చక్కగా ఒదుగుతుంది.

'మాయ', 'మంత్రముగ్ధం', 'కాలాతీతం' ఈ మూడు మాటలూ కొట్టేశాను. వాటి చోట ఏం పెట్టాలో నేను చెప్పను, నీకు దొరుకుతుంది. కచేరీ చివర్లో జనం గొంతు కలిపినప్పుడు ఆయన కాసేపు పాడటం ఆపి విన్నాడని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. నువ్వు అక్కడ నిజంగా విన్నావు. దాన్ని ఇంకో నాలుగు వాక్యాలు పొడిగించు. ఎవరు ముందు అందుకున్నారు, ఏ పాదం దగ్గర, శ్రుతి కలిసిందా లేదా, మళ్ళీ ఆయన ఎక్కడ అందుకున్నాడు.

తిరగరాసే ముందు ఒక రాత్రి 'యువర్ మూవ్' రికార్డు ఒకసారి, ఒంటరి కచేరీది మూడుసార్లు విను. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, ఫోన్ తిరగేసి పెట్టు. ఊపిరి తీసుకున్న ప్రతిచోటా కాగితం మీద ఒక గీత గీయి. ఆ కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు, నేనూ విని సరిచూస్తాను.

ప్రేమతో,
అన్నయ్య