పొయ్యి లేని గదిలో శనగల సలాడ్: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

గదిలో పొయ్యి లేదని, రోజూ బ్రెడ్డు తిని నోరు చప్పబడిపోయిందని నిన్న ఫోన్‌లో అన్నావు. రాత్రంతా అదే మనసులో మెదిలింది. అందుకే పొయ్యితో పనిలేకుండా కడుపు నింపేది ఒకటి రాస్తున్నాను. టర్కీలో తెల్ల చిక్కుడు గింజల్లో ఉల్లిపాయ, కొత్తిమీర లాంటి పార్స్‌లీ ఆకు వేసి పియాజ్ అనే సలాడ్ చేస్తారు. ఇదీ ఆ దారిలోదే.

ముందు ఒక జాగ్రత్త. శ్రీరామనవమికి వడపప్పు చేస్తాం కదా, పెసరపప్పు నానబెట్టి పచ్చిగానే తింటాం. రాజ్మాని మాత్రం అలా తినకు. అమెరికా వచ్చిన మొదటి ఏడాది నేను ఆ పనే చేశాను. రాత్రి నానబెట్టి, మర్నాడు ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుని తిన్నాను. మూడు గంటలు తిరక్కుండా వాంతులు మొదలై, తెల్లారేదాకా బాత్‌రూమ్ గడప దగ్గరే కూర్చున్నాను. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, గలగలా మరిగించి ఉడికిస్తే గానీ పోదు. డబ్బాల్లో అమ్మేవి ముందే ఉడికించినవి, వాటితో ఆ భయం లేదు. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా మాత్రం తెరవకుండానే పారెయ్.

నువ్వు కాబూలీ శనగలతో మొదలుపెట్టు. 425 గ్రాముల డబ్బాలో నీళ్లు వంపేస్తే కప్పున్నర గింజలు మిగులుతాయి, నీకు రెండు పూటలకు సరి. చిల్లుల గిన్నెలో పోసి పంపు కింద కడుగు. ఆ చిక్కటి నీళ్లలో ఉప్పు బాగా ఉంటుంది, నురగ వస్తుంది. నురగ ఆగేదాకా కడిగి, నీళ్లు ఓడ్చి, పేపర్ టవల్‌తో మెల్లగా అద్దు. ఈ అద్దడం మానకు తల్లీ. తడి గింజకు నూనె పట్టదు, పులుపూ పట్టదు.

చిన్న సీసాలో మూడు చెంచాల ఆలివ్ నూనె, ఒకటిన్నర చెంచా నిమ్మరసం, దంచిన వెల్లుల్లి రెబ్బ, కొంచెం ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు ఎండు ఒరెగానో వెయ్యి. ఒరెగానో వేళ్ల మధ్య నలిపి వాసన చూడు, మన వాము గుర్తొస్తుంది. మూత బిగించి ఊపితే చిక్కబడుతుంది. దాన్ని ముందు శనగల మీదే పోసి పావుగంట ఊరనివ్వు. అన్నీ ఒకేసారి కలిపేస్తే గింజ చప్పగా ఉండిపోతుంది.

ఈలోపు సగం ఉల్లిపాయ సన్నగా తరిగి చల్లటి నీళ్లలో వెయ్యి, ఘాటు తగ్గుతుంది. కీరా, టమాటాల్లో గింజలున్న మెత్తటి భాగం తీసెయ్, లేకపోతే మధ్యాహ్నానికి బాక్సు అడుగున నీళ్లు చేరతాయి. కాప్సికం నీ ఇష్టం. ముక్కలు శనగ గింజంత ఉంటే ప్రతి చెంచాలోనూ అన్నీ వస్తాయి. పార్స్‌లీ దొరక్కపోతే కొత్తిమీర వేసుకో, బాగానే ఉంటుంది. ఫెటా చీజ్ ఉప్పునీళ్లలో ఊరింది కాబట్టి, అది చిదిమి వేశాక రుచి చూసి అప్పుడు ఉప్పు సరిచూసుకో.

రెండో పూటకు ఉంచేదాంట్లో కీరా, టమాటా కలపకు, తినే ముందు వేసుకో. మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టు, రేకు డబ్బాలో వదిలెయ్యకు. క్లాసుకు తీసుకెళ్తే రెండు గంటల్లోపు తినెయ్.

ఆదివారం చేసి ఫోటో పంపు. పులుపు సరిపోయిందో లేదో కూడా చెప్పు.

మీ పెద్దమ్మ