శుక్రవారం రెండు పెగ్గులు పాపమా అయ్యగారూ?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శుక్రవారం రాత్రి ఇంట్లోనే రెండు లార్జ్‌లు తీసుకుంటాను, అంతే. ఏనాడూ తూలలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు. కానా ఊరి పెళ్లిలో యేసు ప్రభువే బానల్లోని నీళ్లను ద్రాక్షారసం చేశాడు, తన శిష్యుడు తిమోతిని అపొస్తలుడు పౌలే కొంచెం తాగమన్నాడు. అయినా నా భార్య నన్ను గుడిలో సంస్కారం (ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవద్దంటోంది. తాగుడు మాని ఎనిమిది నెలలైన మా బావమరిది మా దగ్గరే ఉంటున్నాడు, అదొక భయం ఆమెకు. మితంగా తాగితే తప్పేంటి?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: బాబూ, ముందు నీ పక్షాన ఉన్న మాట చెప్పేస్తాను. కానాలో చేసింది పులియని పళ్లరసమేనని కొందరు బోధకులంటారు. నాకది మింగుడుపడదు. యోహాను 2వ అధ్యాయంలో విందు ప్రధాని ఏమన్నాడు? జనులు మత్తుగా ఉన్నప్పుడు అందరూ ‘జబ్బురసము’ (నాసిరకం) పోస్తారు, నువ్వు మంచిది ఇప్పటిదాకా ఉంచావే అన్నాడు. పళ్లరసానికి మత్తెక్కడిది? సంస్కారంలో పులియని రసం వాడడం కూడా మరీ పాత సంగతేం కాదు. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు రసాన్ని వేడిచేసి పులవకుండా ఆపాకే ఆ అలవాటు ఊపందుకుంది.

కాబట్టి చుక్క ముట్టడమే పాపమని నేననను. ఒకప్పుడు అన్నాను. పాస్టర్నైన కొత్తలో, పెళ్లి విందులో బీరు తాగిన ఒక కుర్రాణ్ని ఆదివారం పుల్పిట్ మీంచి పేరు పెట్టి దులిపేశాను. ఆ పిల్లవాడు మళ్లీ గుడి మెట్లెక్కలేదు. వాళ్లమ్మ ఇప్పటికీ రెండో వరుసలో ఒక్కతే కూర్చుంటుంది.

అలాగని కానా బానల పక్కన నీ విస్కీ సీసా పెడితే ఒప్పుకోను. రెండు లార్జ్‌లంటే 120 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం, అంటే యాభై మిల్లీలీటర్ల పైమాటే. 12 శాతం ఉండే వైనైతే అంత ఆల్కహాలుకి సగం సీసా దాటి తాగాలి. ఆ రోజుల్లో ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకోవడం కూడా మామూలే. ఇక తిమోతికి చెప్పింది కడుపు జబ్బుకి, అదీ ‘కొంచెముగా’. (కడుపుమంటకి విస్కీ రాసే డాక్టరు తార్నాకలో ఉంటే నాకూ చిరునామా పంపు.) మితం మితం అంటాంగానీ, హాని చేయని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.

అయినా నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అది కాదు. నీ గ్లాసు గురించి అన్ని వాక్యాలు రాసి, బావమరిది గురించి ఒక్కటే రాశావు.

మా నాన్న సారా మాని అప్పటికి ఏడాది కాలేదు. క్రిస్మస్‌కి వచ్చిన మా పెదనాన్న సంచీలోంచి సీసా తీశాడు. నిజంగా మితంగా తాగే మనిషి, రెండు గ్లాసులకి ఆపేశాడు. మా నాన్న ఆపలేకపోయాడు. గుమ్మానికి కట్టిన స్టార్ దించకముందే అమ్మ గాజులు తాకట్టు కొట్టుకెళ్లాయి. పెదనాన్న చనిపోయేదాకా ‘నేనేం తప్పు చేశాన్రా’ అనే అడిగేవాడు. బైబిల్లో రోమా పత్రిక (పౌలు రాసిన ఉత్తరం) 14:21 చదివి వినిపించే ధైర్యం నాకు ఏనాడూ చాల్లేదు. నీకు మాత్రం చెబుతున్నాను: మాంసం తినడం గానీ, ద్రాక్షారసం తాగడం గానీ, నీ సహోదరునికి అడ్డమైతే మానేయడం మంచిది అంటాడక్కడ పౌలు.

సంస్కారం సంగతి వేరు. 1 కొరింథీ 11:28 ఎవరిని వారే పరీక్షించుకోమంటుంది, భర్తను భార్య పరీక్షించాలని అనలేదు. నా పేరు చెప్పి అమ్మాయికి ఈ మాట చెప్పు.

సీసా ఎక్కడ దాస్తున్నావో రాయలేదు. బీరువాలోనో, ఫ్రిజ్ వెనకో, నీ బావమరిదికి ఆ చోటు ఈపాటికే తెలిసి ఉంటుంది. ఈ శుక్రవారంలోగా దాన్ని సింకులో పారబోసెయ్. రాత్రికి ముగ్గురూ కలిసి బయటికెళ్లి బిర్యానీ తినండి.