కాలేజీ ఒక ఊళ్లో, మకాం ఇంకో ఊళ్లో కుదురుతుందా?

గుంటూరు, విజయవాడల నుంచి ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది. "అన్నయ్యా, సీటొచ్చిన కాలేజీ మిస్సోరిలో ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాళ్లింట్లో ఉండి ఆన్‌లైన్‌లో చదివితే అద్దె కలిసొస్తుంది, తిండికీ ఇబ్బంది ఉండదు. పర్వాలేదా?" బ్రాడీపేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఎవరో ఒకరు "అందరూ అలాగే చేస్తున్నారు, ఏం కాదు" అని చెప్పే ఉంటారు. కానీ కుదరదు. అమెరికాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఈ ఒక్క విషయం సరిగ్గా తెలియక మన పిల్లలు ఎంత నష్టపోతారో చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎఫ్1, అంటే అమెరికా స్టూడెంట్ వీసా, క్యాంపస్‌కి వెళ్లి, క్లాసులో కూర్చుని చదివేవాళ్ల కోసం. ఫుల్‌టైమ్ అనిపించుకోవాలంటే బ్యాచిలర్స్ వాళ్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. మాస్టర్స్ వాళ్లకి ఎన్నో కాలేజీయే నిర్ణయిస్తుంది, ఎక్కువ చోట్ల 9. ఈ లెక్కలోకి ఆన్‌లైన్ సబ్జెక్టు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే వస్తాయి. 9 క్రెడిట్ల విద్యార్థి కనీసం 6 క్రెడిట్లు క్లాస్‌రూమ్‌లో చేయాల్సిందే. ఆ లెక్క నిండాక నాలుగో సబ్జెక్టు ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఎవరూ అడగరు. చివరి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టే మిగిలితే మాత్రం అది పూర్తిగా ఆన్‌లైన్‌ది కాకూడదు. "మా అన్న 2020లో ఇంట్లోంచే చదివాడు కదా" అంటారు. అది కరోనా రోజుల సడలింపు, 2023తో అయిపోయింది.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. చాలామంది కాలిఫోర్నియాలో ఉండనే లేదు. వేరే రాష్ట్రాల్లో పని చేసుకుంటున్నారు, కాగితాల్లో మాత్రం చదువుతున్నారు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. ఆ కాలేజీ యజమానురాలికి 2014లో పదహారున్నర ఏళ్ల జైలు శిక్ష పడింది. మళ్లీ 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. దొంగ అడ్మిషన్లను పట్టుకోవడానికి ప్రభుత్వమే నడిపిన నకిలీ యూనివర్సిటీ అది. క్లాసులు లేవు, టీచర్లు లేరు. అప్పుడు అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. తెలిసే చేరినవాళ్లు ఉండొచ్చు, ఏజెంట్‌ని నమ్మి చేరినవాళ్లూ ఉండొచ్చు. అధికారి అడిగేది మాత్రం ఒక్కటే: క్లాసుకి వెళ్లావా లేదా?

ఇప్పటి కన్సల్టెన్సీలు ఇదే సంగతిని ఇంకో పేరుతో చెబుతున్నాయి. "డే వన్ సీపీటీ ఉంది, చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. కాలేజీకి సెమిస్టర్‌లో ఒకటి రెండు వీకెండ్లు వెళితే చాలు." సీపీటీ అంటే చదువుతూనే, కోర్సులో భాగంగా చేసే ఉద్యోగానికి ఇచ్చే అనుమతి. మామూలు నియమం ప్రకారం ఒక విద్యా సంవత్సరం పూర్తిగా చదివాకే అది వస్తుంది. మొదటి రోజు నుంచే ఆ పని చదువులో తప్పనిసరి భాగమైన మాస్టర్స్, పీహెచ్‌డీ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఈ మాట పూర్తిగా అబద్ధం అనను. అయితే రేపు హెచ్1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్ వేసినప్పుడు క్లాసులకు నిజంగా వెళ్లినట్టు టికెట్లు, హాజరు, రసీదులు చూపించమని అడగవచ్చు. పైగా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే అదే స్థాయి చదువుకి వచ్చే ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) పోతుంది. తొలిసారి ఊరు దాటి వచ్చే పిల్లలు ఈ దారిలో అడుగు పెట్టవద్దని నా గట్టి సలహా.

సబ్జెక్టు కష్టంగా ఉంది, డ్రాప్ చేసేస్తాను అంటారు కొందరు. పోర్టల్‌లో బటన్ నొక్కే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని కలవండి. అనారోగ్యమైతే డాక్టర్ లెటర్‌తో, మొదట్లో ఇంగ్లిష్‌తోనో ఇక్కడి బోధనతోనో ఇబ్బందైతే ఆ కారణంతో తక్కువ క్రెడిట్లకు అనుమతి దొరుకుతుంది. కానీ అది ముందుగా తీసుకోవాలి. డ్రాప్ చేశాక అడిగితే డీఎస్‌ఓ కూడా సాయం చేయలేకపోవచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంటి నుంచి వచ్చే ఫోను. నాన్నకి బైపాస్, వెంటనే రావాలి. కొడుకో కూతురో టికెట్ కొనుక్కుని వెళ్లిపోతారు, "ఈ సెమిస్టర్ గుంటూరు నుంచే ఆన్‌లైన్‌లో కానిచ్చేస్తాను" అనుకుంటారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. అలాంటి సమయంలో నాన్న పక్కన ఉండటం కంటే పెద్ద పనేం లేదు. విమానం ఎక్కేముందు మాత్రం డీఎస్‌ఓకి ఒక్క మెయిల్ పెట్టండి. వాళ్ల అనుమతితో సెమిస్టర్ మధ్యలో ఆపితే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజుల గడువుంటుంది, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డు పాడవదు. చెప్పకుండా వెళితే క్లాసులు మానేసినట్టే రికార్డవుతుంది. అనుమతితో చదువు ఆపి 5 నెలల లోపు తిరిగొచ్చేలా ఉంటే పాత రికార్డునే మళ్లీ తెరిపించే అవకాశం ఉంది. 5 నెలలు దాటితే కొత్త ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), మళ్లీ 350 డాలర్ల సెవిస్ ఫీజు. సీపీటీ, ఓపీటీలకు కావలసిన ఏడాది చదువు కూడా మళ్లీ మొదటి నుంచి లెక్క. కాలేజీయే తన కోర్సులో భాగంగా వేరే దేశానికి ఒక సెమిస్టర్ పంపితే అది వేరు, అప్పుడు రికార్డు నడుస్తూనే ఉంటుంది.

అమెరికా కాకుండా వేరే దేశాలు చూస్తున్నవాళ్లకి రెండు మాటలు. కెనడాలో చదువయ్యాక వర్క్ పర్మిట్ కావాలంటే కోర్సులో కనీసం సగం అక్కడ క్లాసులో కూర్చుని చదవాలి. ప్రభుత్వ కాలేజీ సిలబస్‌ని ప్రైవేట్ కాలేజీలో చెప్పే కోర్సుల్లో 2024 మే 15 నుంచి చేరేవాళ్లకి ఆ పర్మిట్ రాదు. ఆఫర్ లెటర్ మీద కాలేజీ పేరొక్కటే కాదు, ఏ క్యాంపస్సో కూడా చూడండి. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ భాగం కోర్సులో మూడో వంతు దాటకూడదు.

ఎంబీబీఎస్ కోసం జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వైపు చూసే తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ తేడా వస్తే పోయేది ఆరేళ్లు. నీట్‌లో అర్హత ఉండాలి. ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2021 నవంబర్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, దానిపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి. మధ్యలో కాలేజీ మారడం, కొంత భాగం గుంటూరులో కూర్చుని చేయడం కుదరదు. ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడివాళ్లతో సమానంగా వైద్యం చేసే అర్హత కూడా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా ఇండియాలో రిజిస్ట్రేషన్ దొరకదు. ఫీజు కట్టేముందు ఈ విషయాలన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, ఏజెంట్ నోటిమాట సరిపోదు.

విదేశీ యూనివర్సిటీ డిగ్రీని మన ఊళ్లోనే ఇస్తామనే ప్రకటనలు వచ్చినా ఇలాగే ఆరా తీయండి. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చే డిగ్రీలకు యూజీసీ 2025 నిబంధనల కింద ఈక్వివలెన్స్, అంటే మన డిగ్రీతో సమానమనే గుర్తింపు, రాదు.

బయల్దేరే ముందు ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్లలో అదనంగా తీసుకోండి. నాగార్జున యూనివర్సిటీ వాళ్లకి నంబూరు దగ్గర హైవే పక్కనే పని అయిపోతుంది. జేఎన్‌టీయూ వాళ్లకి కాకినాడ పని, ఇక్కడికొచ్చాక నాన్నగారిని తిప్పడం కష్టం. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ప్రొవిజనల్, వస్తే ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కూడా ఒరిజినల్స్ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో వద్దు.

డాలస్‌లో పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి సెలవుల్లో నిశ్చింతగా వెళ్లి రండి. మకాం మారితే మాత్రం, అది అదే ఊళ్లో పక్క వీధికైనా సరే, 10 రోజుల్లోగా కొత్త అడ్రసు కాలేజీకి తెలపాలి.