సవర సినిమాకు తెర

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా సవర స్నేహితుడు వాళ్ల తాత గోడ మీద ఇడితాల్ బొమ్మ గీస్తుంటే ఫోన్‌లో సినిమా తీశాడు. మాటలన్నీ సవరలోనే. ఈ సినిమాను ఎవరైనా వేస్తారా?

జవాబు: భాష గురించి టెన్షన్ వద్దు బాబూ. కెనడా దర్శకుడు జకారియస్ కునుక్ అక్కడి ఇన్యుట్ ఆదివాసుల ఇనుక్‌టిటుట్ భాషలో తీసిన ‘అటనార్జువట్’కు 2001లో కాన్స్ సినిమా ఉత్సవంలో కెమెరా డోర్ (ఉత్తమ తొలి సినిమా బహుమతి) వచ్చింది. టొరంటోలో ఇమాజిన్‌నేటివ్ ఉత్సవం ఆదివాసులు తీసిన సినిమాల కోసమే. సబ్‌టైటిల్స్ వేసి పంపండి. మన రాయగడ చైతి, కొరాపుట్ పరబ్ ఉత్సవాల నిర్వాహకులనూ అడగండి. డాన్సులకు స్టేజీ ఇచ్చేవాళ్లు ఒక సాయంత్రం తెర కట్టలేరా?

ఇడితాల్ పూజ బొమ్మ. అందుకే తాతగారు ఒప్పుకున్నాకే, ముందు ఆ ఊళ్లోనే చూపించండి. ఎర్రమట్టి గోడ మీద వెదురు పుల్ల, పుల్ల చివర బియ్యప్పిండి తెలుపు... ఆ షాట్ ఉంటే మాత్రం కత్తిరించకండి.