విండోస్ మీద కోపం కౌంటర్ దగ్గరే పుడుతుంది

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త లాప్‌టాప్ పట్టుకెళ్లినవాళ్లు వారం తిరక్కుండా వెనక్కొచ్చి "ఈ విండోస్ బాగాలేదు, పాతదే వేసివ్వండి" అంటున్నారని, వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదని రాశావు. అప్పుడు చెప్పేది పెద్దగా ఉండదు నాన్నా. చెప్పాల్సిందంతా వాళ్లు డబ్బు కట్టకముందే చెప్పాలి. విండోస్ 11లో నిజంగానే చిరాకు పెట్టేవి ఉన్నాయి. కానీ అవి పది నిమిషాల్లో సర్దుకునేవి. సర్దుకోనివన్నీ కొన్న రోజునే జరిగిపోయిన తప్పులు.

మనిషి లోపలికొస్తూనే "ఐ5, వన్ టీబీ ఎంతలో వస్తుంది?" అంటాడు. ధర చెప్పకు. ఏం పని చేస్తారు, ఏ ప్రోగ్రాములు వాడతారు అని ముందు అడుగు. ఇంట్లో ఉన్న ప్రింటర్ ఏదో, ప్రోగ్రాముకు తాళంచెవిలా యూఎస్‌బీకి తగిలించే డాంగిల్, వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివి ఏమన్నా ఉన్నాయో అడుగు. తన మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా అడుగు. చివరిది వింతగా అనిపించవచ్చు, దాని సంగతి కింద చెబుతాను.

ఐ5 అన్న మాట ఒక్కటే పట్టుకుని కొనేవాళ్లకి ఆ మాట సగమే అని చూపించాలి. హైఫన్ తర్వాత మొదట ఉన్న ఒకటి రెండు అంకెలే తరం. ఐ5-6300యూ ఆరో తరం, ఐ5-8250యూ ఎనిమిదో తరం, ఐ5-1235యూ పన్నెండో తరం. మూడూ ఐ5లే. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి, దాని పోటీ కంపెనీ ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే అధికారికంగా అనుమతి. ఏడో తరంలో ఒకటీ అరా మినహాయింపులున్నా వాటిని లెక్కలోకి తీసుకోకు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల నుంచి తెచ్చే రీఫర్బిష్డ్ సరుకులో ఆరు, ఏడు తరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. విండోస్ చేసే అర్హత తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించి ఉంటారు. ఆన్ చేస్తే చక్కగానే నడుస్తుంది. నెలవారీ అప్‌డేట్లు కూడా వస్తుండవచ్చు. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, అప్‌డేట్లు ఇచ్చి తీరాలన్న బాధ్యత కంపెనీకి ఉండదు. అలాంటిది అమ్మవలసి వస్తే ఆ మాట బిల్లు మీద రాసి అమ్ము.

ఏఎండీలో ఇంకో మెలిక ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే పది నంబర్ల తేడాయే అనిపిస్తుంది. ఆ వరసలో మూడో అంకె లోపలి నిర్మాణాన్ని చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3. మొదటి 7ని చూసి కొత్తదనుకోవడం పొరపాటు.

ప్రాసెసర్ కన్నా ఎక్కువ ఏడిపించేది డిస్కు. విండోస్ 11కి కనీస అర్హత అని చెప్పేది 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి. ఆ లెక్కకు సరిపోయే చౌక లాప్‌టాపుల్లో ఉండేది ఈఎంఎంసీ, అంటే బోర్డుకే అతికించిన నెమ్మది చిప్పు. 64 అని రాసింది విండోస్‌లో 60కి లోపే కనిపిస్తుంది. అందులో సిస్టమే సగం దాకా తినేస్తుంది. పెద్ద అప్‌డేట్ వచ్చేసరికి చోటు చాలక మధ్యలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. వాళ్లు "అప్‌డేట్ వల్ల పాడైంది" అంటారు. మార్చడానికి అక్కడ డిస్కే ఉండదు, అది బోర్డులో భాగం. ఎంత బతిమాలినా ఆ సరుకు పిల్లల చదువుకని ఇవ్వకు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ కింద ఏదీ వద్దు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉండి, పెంచుకునే స్లాటు లేకపోతే 16 తీసుకోమను.

వన్ టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్ మీద విండోస్ 11 వేయమని వచ్చేవాళ్లకి మాటలు చెప్పి లాభం లేదు, చూపించాలి. మెషీన్ ఆన్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్లో డిస్క్ అన్న గడి రంగు ముదిరి నూరు శాతం దగ్గర నిలబడుతుంది. ప్రాసెసర్ మాత్రం పది, పదిహేను దగ్గర ఖాళీగా ఉంటుంది. తిరిగే డిస్కు చిన్న చిన్న ఫైళ్లను ఒకేసారి అందించలేక మిగతా అందరినీ ఆపేస్తోందన్నమాట. అక్కడ ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే మెషీన్ మనిషి పోల్చుకోలేనంత మారుతుంది. పాత హార్డ్ డిస్క్‌ను కేసులో పెట్టి ఫొటోలకి ఇచ్చెయ్యి.

ఇంకో రెండు తగాదాలు ముందే తీర్చు. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476గా కనిపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కగడతాడు, విండోస్ 1024 చొప్పున. ఎవరూ దొంగిలించలేదు. అలాగే 8 జీబీ ర్యామ్ అని ఉన్నచోట వాడుకోదగ్గది ఆరుకి కాస్త లోపు చూపిస్తే, మిగతాది ప్రాసెసర్లోని గ్రాఫిక్స్ తీసిపెట్టుకుంది. ఇవి నువ్వు ముందు చెబితే సమాచారం, వాళ్లు ఇంటికెళ్లి చూసి అడిగాక చెబితే సంజాయిషీ.

ఇప్పుడు పాత సామాను సంగతి. డీటీపీ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, ఆడిటర్ల ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేనే లేదు. పాత డెస్క్‌టాప్‌లో 32 బిట్ విండోస్ మీద పదేళ్లుగా నడుస్తున్న డాంగిల్, ప్రింటర్, స్కానర్‌లకు 64 బిట్ డ్రైవర్ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 32 బిట్ ప్రోగ్రాము 64 బిట్ విండోస్‌లో నడుస్తుంది, 32 బిట్ డ్రైవర్ మాత్రం నడవదు. మరీ పాత ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లో 16 బిట్ ముక్కలుంటే అసలు మొదలే కాదు. తెలుగు టైపింగుకి అను స్క్రిప్ట్, పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లకి కొత్త మెషీన్ అమ్మేముందు వాళ్ల డాంగిల్, వాళ్ల సీడీ తెమ్మను. నీ డెమో మెషీన్‌లో ఎక్కించి, ఒక పేజీ తెరిచి, ప్రింట్ తీసి చూపించాకే డబ్బు తీసుకో. అది నడవకపోతే పాత మెషీన్‌ను ఇంటర్నెట్ తీసేసి ఆ పనికే ఉంచుకోమను, కొత్తది మిగతా పనులకి. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లు యూనికోడ్ (అన్ని మెషీన్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్లు లేని చోట పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారుపడి చెరిపేసేవాళ్లుంటారు, ముందే హెచ్చరించు.

64 బిట్ డ్రైవర్ ఉన్నా ఒక్కోసారి "డ్రైవర్ లోడ్ కావడం లేదు" అన్న సందేశం వస్తుంది. కొత్త మెషీన్లలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అన్న భద్రతా ఏర్పాటు ఆన్ అయి ఉంటుంది, పాతకాలపు డ్రైవర్లను అదే అడ్డుకుంటుంది. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేసి పంపించడం తేలిక. కానీ అది తలుపు గడియ తీసి పంపడమే. ముందు కొత్త డ్రైవర్ కోసం వెతుకు.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ లాప్‌టాపులు తేలిగ్గా ఉంటాయి, బ్యాటరీ బాగా నిలుస్తుంది. కాలేజీ పిల్లలకి, మెయిల్, వర్డ్, బ్రౌజర్‌తో సరిపెట్టుకునేవాళ్లకి నిశ్చింతగా ఇవ్వు. అది ఏఆర్‌ఎం, అంటే ఇంటెల్, ఏఎండీలకు వేరైన రకం ప్రాసెసర్. మామూలు ప్రోగ్రాములను అనువదించుకుని నడుపుతుంది గానీ డ్రైవర్లను అలా నడపలేదు. ఏఆర్‌ఎం కోసమే రాసిన డ్రైవర్ లేకపోతే వేలిముద్ర మిషన్, సంతకం టోకెన్, పాత ప్రింటర్ అక్కడితో సరి. జీఎస్టీ, ఆదాయపు పన్ను ఫైలింగులు చేసేవాళ్లకి ఈ ఒక్క కారణంతో వద్దని చెప్పు. క్రోమ్‌బుక్ కూడా అంతే, అది విండోస్ కాదని చెప్పకుండా అమ్మితే లెక్కలు రాసే ట్యాలీ ఎక్కడం లేదని మర్నాడే వస్తారు.

ఈ తంతు విండోస్ 11తో మొదలైంది కాదు. 2006లో "విస్టా కేపబుల్" అన్న స్టిక్కర్ వేసి 512 ఎంబీ ర్యామ్ మెషీన్లు అమ్మారు. ప్రకటనల్లో చూపిన గాజు అద్దాల తెర వాటిలో చాలావాటికి రానే లేదు, అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ తీసేశారు, మరుసటి ఏడు 8.1లో తిరిగి పెట్టారు. కనీస అర్హత అని రాసింది ఆన్ కావడానికి సరిపోతుంది, హాయిగా వాడుకోవడానికి కాదు.

విండోస్ 10 ఉన్నవాళ్లు వస్తే తొందరపెట్టి కొత్తది అంటగట్టకు. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగింది. 22హెచ్2 వెర్షన్ ఉన్న ఇంటి వాడకందారులకి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్ల పొడిగింపు పథకం పెట్టారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింకు ఉంటుంది.

"ఈ పీసీ విండోస్ 11కి పనికిరాదు" అని చూపిస్తే అక్కడితో నమ్మకు. రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టు, తర్వాత ఎంఎస్ఇన్ఫో32 కొట్టు. మొదటిది టీపీఎంను, అంటే విండోస్ 11 తప్పనిసరిగా అడిగే భద్రతా చిప్పును, చూపిస్తుంది; రెండోది మెషీన్ ఏ పద్ధతిలో మొదలవుతుందో చెబుతుంది. ప్రాసెసర్ ఎనిమిదో తరమో ఆ పైనో అయ్యుండీ టీపీఎం కనపడకపోతే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చెయ్యి. పక్కనే క్లియర్ అన్నది ఉంటుంది, దాని జోలికి పోకు. బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే ముందు డేటా బ్యాకప్ తీసి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్కు అమరికను పాత పద్ధతి నుంచి కొత్తదానికి మార్చే ఎంబీఆర్2జీపీటీని వాలిడేట్‌తో నడుపు. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించితే ఒప్పుకోదు. పాసైతే కన్వర్ట్‌తో నడుపు. రెండుసార్లూ అలో ఫుల్ ఓఎస్ అన్న స్విచ్ చేర్చాలి. అయిపోగానే బయోస్‌లోకి వెళ్లి లెగసీ నుంచి కొత్త పద్ధతైన యూఈఎఫ్ఐకి మార్చాలి. ఈ చివరి అడుగు మరిస్తే మెషీన్ బూట్ కాదు, డేటా పోయిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. బూట్ అయ్యాక సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి.

ప్రాసెసరే పాతదైతే, బ్రౌజరూ వీడియోలూ తప్ప ఏమీ చూడని ఇంటికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ 22 వేసివ్వొచ్చు, దానికి 2029 ఏప్రిల్ దాకా సపోర్ట్ ఉంది. పెన్ డ్రైవ్ నుంచి ఒక గంట వాడి చూశాకే ఒప్పుకోమను.

ఇక మెయిల్ పాస్‌వర్డ్ ఎందుకడగమన్నానో చెబుతాను. హడావిడిలో షాపు కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు పుట్టించిన మెయిల్‌తోనో సెటప్ పూర్తి చేసి ఇచ్చేస్తాడు. విండోస్ 11లో 24హెచ్2 అన్న వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా మెషీన్లలో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళం పడుతుంది. తాళంచెవి ఆ అకౌంట్‌లోకి వెళుతుంది. ఆర్నెల్ల తర్వాత ఒక బయోస్ అప్‌డేట్ వస్తుంది. పొద్దున్నే ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆరేసి చొప్పున ఎనిమిది గడులు. కీ ఉన్న అకౌంట్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. పిల్ల పెళ్లి ఫొటోలు, పదేళ్ల లెక్కలు అక్కడే ఉంటాయి. కీ లేకుండా వాటిని తెరవడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. మెషీన్‌తో వచ్చిన ఆఫీస్ లైసెన్స్ కూడా అలాగే, ఏ అకౌంట్‌లో యాక్టివేట్ చేస్తే దానిదే. అందుకే కొన్నవాళ్ల మెయిల్, కొన్నవాళ్ల ఫోన్ నంబరు, కొన్నవాళ్ల వేళ్లతోనే టైపు చేయించు.

డాస్ లాప్‌టాప్ అని, విండోస్ లేనిది చౌకగా కొని వచ్చి విండోస్ వేయమంటే అసలు లైసెన్స్ ధర చెప్పు, దొంగ యాక్టివేటర్ వెయ్యకు. బయట వేయించుకుని వచ్చినవి కనిపెట్టడానికి రన్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్ ఎక్స్‌పీఆర్ కొట్టు. మెషీన్‌తో వచ్చిన అసలు లైసెన్స్ అయితే శాశ్వతంగా యాక్టివేట్ అయిందంటుంది. ఇంట్లో వాడే మెషీన్‌లో ఫలానా తేదీకి గడువు ముగుస్తుందని చూపిస్తే అనుమానించాల్సిందే.

చిరాకుల మాటకొస్తే, ఇవి నువ్వే సర్ది పంపు. టాస్క్‌బార్ అలైన్‌మెంట్ ఎడమకి మార్చు. కుడి క్లిక్‌లో పాత మెనూ కోసం షిఫ్ట్ పట్టుకుని నొక్కమని చూపించు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్‌లోకి వెళుతున్నాయేమో చూడు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, నిండగానే "ఫైళ్లు పోతాయి" అన్నంత భయపెట్టే సందేశాలు మొదలవుతాయి. అవసరం లేనివాళ్లకి బ్యాకప్ ఆపేసి, ఫైళ్లు మళ్లీ కంప్యూటర్ ఫోల్డర్లోకి వచ్చాయో లేదో కళ్లారా చూసి ఇవ్వు. ఎస్ మోడ్‌లో ఉంటే స్టోర్ నుంచి తప్ప ఏదీ ఎక్కదు. అందులోంచి బయటికి రావడం ఉచితమే, తిరిగి వెళ్లడం మాత్రం కుదరదు.

తెలుగు టైపు చేసేవాళ్లకి లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చి, ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టి, విండోస్ బటన్, స్పేస్‌బార్ కలిపి నొక్కితే మారుతుందని చేయించి చూపించు. పాత వర్డ్ ఫైళ్లలో అక్షరాల రూపు మారి, పేజీలు జరిగిపోయాయంటే, అవి గౌతమి, వాణి అన్న పాత తెలుగు ఫాంట్లలో రాసినవై ఉంటాయి. అవి ఇప్పుడు సిస్టమ్‌తో పాటు రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కిస్తే అక్షరాలు మళ్లీ పాత రూపానికి వస్తాయి.

10 నుంచి 11కి అప్‌గ్రేడ్ చేసి ఇచ్చినవాళ్లకి ఒక గడువు చెప్పి తీరాలి. వెనక్కి వెళ్లే వీలు పది రోజులే, సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ ఉంటుంది. ఆ పది రోజుల్లో ప్రింటర్, ట్యాలీ, టోకెన్ అన్నీ ఒకసారి నడిపి చూసుకోమను. గడువు లోపలే ఉన్నప్పుడు డీఐఎస్ఎం కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పెంచవచ్చు. ముగిశాక పెంచలేవు, కాబట్టి నీ దగ్గర ఉండగానే పెంచి పంపు. డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్‌ను చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుందని కూడా చెప్పు.

మెషీన్ చేతిలో పెట్టేముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిపించి, డివైసెస్ కింద ఉన్న రికవరీ కీ ప్రింట్ తీసి, బిల్లుకి పిన్ను కొట్టి ఇవ్వు. కాగితాన్ని లాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో పొలం పాస్‌బుక్కులు పెట్టే చోట పెట్టుకోమను.

ఆశీస్సులతో,
పెదనాన్న