టర్బో నోరు తెరిచే ముందు

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. ఈ ఆదివారం నీ కారుకి కొత్త ఇన్‌టేక్ ట్యూబ్, అదే ఫిల్టర్ నుంచి టర్బోకి గాలి తీసుకెళ్లే గొట్టం, నువ్వే బిగించుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నాతో చెప్పించి నిన్ను మాన్పిద్దామని వాడి ఆలోచన. నేను మాన్పించను. షెడ్డులో నా పక్కన చతికిలపడి పానాలు అందించిన పిల్ల తన కారు బానెట్ తనే ఎత్తుతానంటే నాకు సంతోషమే. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. ట్యూబ్ మార్చగానే కారు దూసుకుపోతుందని ఆశపడకు. ట్యూనింగ్ ముట్టుకోకుండా ఇదొక్కటే మారిస్తే పవర్ పెద్దగా పెరగదు. బూస్ట్, అంటే టర్బో ఇంజిన్లోకి తోసే గాలి ఒత్తిడి, ఎంత ఉండాలో కారు కంప్యూటర్ చూసుకుంటుంది. గాలి దారిలో అడ్డు తగ్గితే టర్బోకి శ్రమ కొంచెం తగ్గుతుంది, అంతే. ఈల, గేర్ మార్చేటప్పుడు వచ్చే బుస్సు మాత్రం బాగా వినిపిస్తాయి. నీ అసలు సరదా అదే అయితే దాచక్కర్లేదు, నాకూ ఆ చప్పుడు ఇష్టమే.

విప్పడం గురించి నీకు చెప్పేదేముంది. ఇగ్నిషన్ ఆఫ్ చెయ్యి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో, కనెక్టర్‌ని వైరు పట్టుకుని లాగకుండా లాక్ నొక్కి తియ్యి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పూర్తిగా అన్నాను. టర్బోకి ఒక పక్క గాలి పీల్చే భాగం, రెండో పక్క ఎగ్జాస్ట్. పెట్రోల్ కారుని గట్టిగా తోలితే ఆ పక్క పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. బండి ఆపీ ఆపకముందే చెయ్యి పెట్టేసే తొందర నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ కాలిన మచ్చ ఇంకా నీ మణికట్టు మీద ఉండే ఉంటుంది, ఒకసారి చూసుకుని అప్పుడు బానెట్ ఎత్తు.

ఇక నా అసలు భయం. పాత ట్యూబ్ ఊడదీయగానే టర్బో నోరు తెరుచుకుంటుంది. టార్చి వేస్తే లోపల చిన్న అల్యూమినియం చక్రం కనిపిస్తుంది. అదే కంప్రెసర్ వీల్. పూర్తి బూస్ట్‌లో అది నిమిషానికి 1,50,000 నుంచి 2,00,000 సార్లు తిరుగుతుంది. ఫిల్టర్ దాటిన చోటు అది. అక్కడ పడిన దాన్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు.

అప్పట్లో మా షెడ్డుకి ఒక కుర్రాడు కారు తెచ్చాడు. పికప్ లేదు, రేస్ చేస్తే సైరన్ లాంటి ఈల, వెనక నీలం పొగ. కొత్త ట్యూబ్ ముందురోజే తను స్వయంగా బిగించుకున్నానని గర్వంగా చెప్పాడు. బిగింపు నిజంగానే బాగుంది, క్లాంపులన్నీ తిన్నగా ఉన్నాయి. ట్యూబ్ తీసి చూస్తే వీల్ నడుమ ఉన్న నట్టుకి నీలం దారం చుట్టలు చుట్టుకుని ఉంది. రెక్కల అంచులు మడతపడ్డాయి. వేలితో తిప్పితే చక్రం ఊగుతూ పక్క గోడకి గీసుకుంటోంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ విప్పి బోర్లిస్తే నూనెతో పాటు గుడ్డ పీలికలు, మెరిసే అల్యూమినియం రవ్వలు రాలాయి.

జరిగిందేమిటంటే, పాత ట్యూబ్ తీశాక లోపల దుమ్ము పడకూడదని టర్బో నోట్లో ఒక గుడ్డ కుక్కాడు. పని సగంలో ఉండగా ఎవరో పిలిస్తే వెళ్లాడు, వచ్చేసరికి చీకటి పడింది. గుడ్డ కాస్త లోపలికి జారి ఉంది, కనపడలేదు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ కొంచెం వణికింది కానీ ఆగలేదు. కొత్త ట్యూబ్ కదా, సర్దుకుంటుందిలే అనుకుని రోడ్డెక్కి ఒక్క తొక్కు తొక్కాడు. చక్రం గుడ్డని లాగేసుకుంది. బ్యాలెన్స్ పోయిన చక్రం బేరింగులని తినేసింది, ఆయిల్ సీళ్లు పోయాయి. అదే ఆ నీలం పొగ. రవ్వలు సిలిండర్లలోకి పోలేదని తేల్చుకోవడానికి ఇన్‌టేక్ దారి మొత్తం విప్పి కడగాల్సి వచ్చింది. అంతసేపూ అతను ఆ పీలికలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

అతను అశ్రద్ధ మనిషి అయితే నాకింత భయం ఉండేది కాదు తల్లీ. అశ్రద్ధ మనిషి అసలు గుడ్డే పెట్టడు. నువ్వు పెడతావు. అందుకే నీ గురించి భయం.

గుడ్డ పెట్టు, కానీ పెద్దది పెట్టు. సగం బయటికి వేలాడాలి, రంగు కొట్టొచ్చినట్టు కనపడాలి. కారు తాళం ఆ వేలాడే కొసకి కట్టు. ఆ కుర్రాడి కారు చూశాక మా షెడ్డులో నేను పెట్టిన పద్ధతి అది. ఇంజిన్లోంచి తాళాలు ఎందుకు వేలాడుతున్నాయని చిన్నప్పుడు అడిగావు, కారు పారిపోకుండా అని చెప్పాను. చాలా రోజులు నమ్మావు. అసలు కారణం ఇదీ. విప్పిన స్క్రూలు, క్లాంపులు ఒక మూతలో వేసి లెక్క చూసుకో. ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా స్టార్ట్ చేయకు.

ట్యూబ్ లోపల పల్చగా నూనె కనిపిస్తే కంగారుపడకు, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ నుంచి నూనె ఆవిర్లు అటే వస్తాయి. మడుగు కట్టి ఉంటే మాత్రం నాకు చెప్పు.

ఫిల్టర్ డబ్బా దగ్గర ఉండే మాఫ్ సెన్సర్ లోపలికి పోయే గాలిని కొలిచి కంప్యూటర్‌కి చెబుతుంది. దాని తర్వాత టర్బో దాకా ఎక్కడ సందు ఉన్నా లెక్కలోకి రాని గాలి దూరుతుంది, పెట్రోల్ వాటా తగ్గుతుంది, ఐడ్లింగ్ ఎగిరెగిరి పడుతుంది, పీ0171 అని, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేదని, కోడ్ వస్తుంది. ట్యూబ్ పక్కన తగిలే సన్న గొట్టాలని, అంటే క్రాంక్‌కేస్ గొట్టం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన గాలిని వెనక్కి పంపే బైపాస్ వాల్వ్ గొట్టం లాంటివాటిని మర్చిపోతే జరిగేది ఇదే. సెన్సర్‌ని కొత్త ట్యూబ్‌లోకి మార్చాల్సి వస్తే ఆ భాగం వ్యాసం పాతదానితో సమానంగా ఉందో లేదో కొలువు. వెడల్పు పెరిగితే సెన్సర్ గాలిని తక్కువగా లెక్కిస్తుంది. దాని మీద బాణం గాలి పోయే వైపుకే ఉండాలి. లోపలి సన్న తీగని వేలితో ముట్టుకోకు.

మెత్తటి సిలికాన్ ట్యూబ్ కొన్నావేమో చూసుకో. టర్బో ముందు ఉండేది పీల్పు. గట్టిగా తొక్కినప్పుడు మెత్తని గొట్టం లోపలికి ముడుచుకుని గాలిని ఆపేస్తుంది, లోపల తీగ చుట్ట ఉన్నదైతే నిలబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ పక్కకి ఊగుతుంది కాబట్టి బెల్టుకీ కూలెంట్ గొట్టానికీ తగలకుండా చోటు వదులు. క్లాంపుల మీద నీ బలమంతా చూపించకు, సెన్సర్ ప్లాస్టిక్ పగులుతుంది. చేత్తో మెలితిప్పితే జారకపోతే చాలు.

స్టార్ట్ చేశాక ఇంజిన్ వేడెక్కనిచ్చి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత సవరిస్తోందో, చూడు. సున్నాకి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే నిశ్చింత. ప్లస్ 10 దాటుతుంటే సందు వెతకాలి. సబ్బు నీళ్లు చల్లి బుడగల కోసం చూస్తూ కూర్చోకు, పీల్చే చోట బుడగలు రావు. గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తోందో చూసే స్మోక్ టెస్ట్ చేయించు. కొద్ది రోజులు తిరిగాక క్లాంపులు మళ్లీ ఒకసారి చూసుకో. పాత ట్యూబ్‌ని దాని క్లాంపులతో సహా దాచు.

ఒక్క షరతు. గుడ్డ తీశాక, కొత్త ట్యూబ్ పెట్టే ముందు, టర్బో నోటిని ఫోటో తీసి నాకు పంపు. నేను సరే అన్నాకే బిగించు. ఫ్లాష్ వేసి తియ్యి, వేలు అడ్డం రానీయకు.

మీ పెదనాన్న