పాత లైబ్రరీకి ల్యాండ్‌మార్క్ హోదా వస్తే లిఫ్టు కూడా పెట్టనివ్వరా?

ప్రశ్న: మేం అమెరికాలో ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాం. ఇక్కడ ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో కట్టిన లైబ్రరీ ఒకటుంది, వందేళ్లు దాటింది. మా పిల్లలిద్దరికీ పుస్తకాల పిచ్చి పట్టింది అక్కడే. దాన్ని లోకల్ ల్యాండ్‌మార్క్‌గా, అంటే ఊరు కాపాడుకోవాల్సిన చారిత్రక కట్టడంగా ప్రకటించడం గురించి సిటీ వాళ్లు హియరింగ్ పెట్టారు. పక్కింటాయనేమో ‘ఇప్పటికే నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితా) ఉందిగా, ఇంకా ఇదెందుకు? ఆ ముద్ర పడితే మేకు కూడా కొట్టనివ్వరు, లిఫ్టు సంగతి మర్చిపోవాల్సిందే’ అంటున్నారు. నేను సిటిజన్‌ని కాదు. వెళ్లి మాట్లాడొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండి, తప్పకుండా మాట్లాడండి. అది పబ్లిక్ హియరింగ్, ఊళ్లో ఉంటున్నవాళ్లు సిటిజన్లు కాకపోయినా మామూలుగా మాట్లాడనిస్తారు. పేరు ముందే రాయించుకోవాలా, ఎన్ని నిమిషాలిస్తారు అన్నది సిటీ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి.

నేషనల్ రిజిస్టర్ 1966 నాటి చట్టంతో వచ్చింది. దానికి గౌరవం ఎక్కువే, ఫెడరల్ డబ్బో ఫెడరల్ అనుమతో కలిసిన పనైతే భవనానికి ఏమవుతుందో ముందు చూసుకోవాలి కూడా, కానీ సిటీయే సొంత డబ్బుతో దాన్ని పడగొట్టాలనుకుంటే ఆ జాబితా ఒక్కటే ఆపలేదు. ఆపే బలం ఎక్కువగా లోకల్ ఆర్డినెన్స్‌కే, అంటే సిటీ చేసుకునే చట్టానికే ఉంటుంది. న్యూయార్క్‌లో 1963లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్‌ని కూల్చడం మొదలుపెట్టాక జనం గగ్గోలు పెడితే 1965లో ల్యాండ్‌మార్క్ చట్టం తెచ్చుకున్నారు, ఆ చట్టం అడ్డుపడబట్టే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన టవర్ లేవలేదు, 1978లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అయితే అన్ని ఊళ్ల ఆర్డినెన్సులూ ఒకలా ఉండవు. కొన్నిచోట్ల కూల్చివేతకి అనుమతి నిరాకరించగలరు, కొన్నిచోట్ల కొన్ని నెలలు వాయిదా మాత్రమే వేయగలరు. మీ ఊరిది ఏ రకమో హియరింగ్‌కి ముందే చదివి పెట్టుకోండి.

ఇక మేకు సంగతి. సాధారణంగా ల్యాండ్‌మార్క్ భవనాల్లో మార్పులకి అనుమతిచ్చే సిటీ కమిషన్ చూసేది బయటికి కనిపించే భాగాన్ని, లోపలి భాగాన్ని విడిగా చేరిస్తే తప్ప దాని జోలికి రారు. కార్నెగీ లైబ్రరీలు చాలావాటికి ముందు మెట్లుంటాయి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి అవే పెద్ద అడ్డు. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం పాత భవనాలని వదిలిపెట్టదు, పైగా ముందు వైపు చెడకుండా పక్కనో వెనకో చిన్న భాగం కట్టి అందులో లిఫ్టు, కొత్త ద్వారం పెట్టుకున్న లైబ్రరీలు ఎన్నో ఉన్నాయి. నన్నడిగితే లిఫ్టు కన్నా రిపేర్ల గురించే ఎక్కువ భయపడాలి. పాత మెత్తటి ఇటుకల సందుల్లో సున్నం పోయిందని గట్టి సిమెంటు కూరితే, లోపలి తేమ బయటికి దారిలేక ఇటుకల్లోంచే పోతూ వాటి ముఖాలు పెచ్చులుగా ఊడిపోతాయి. మంచి మనసుతో చేసిన రిపేరే గోడని తినేస్తుంది. కమిషన్ అనుమతి తీసుకోవాలంటే ఇలాంటివి ముందే ఒకరి కంటపడతాయి, నాకు ఈ హోదాలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

హియరింగ్‌లో ‘అందమైన భవనం’ అని ఆగిపోవద్దు. కార్నెగీ డబ్బుతో 1883 నుంచి 1929 వరకు ప్రపంచమంతా 2,500కి పైగా లైబ్రరీలు లేచాయి, కాబట్టి ‘మా ఊరిదే ఎందుకు?’ అని అడుగుతారు. ఆ డబ్బు ఊరికే రాలేదు. స్థలం ఊరివాళ్లే ఇవ్వాలి, ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకి ఖర్చుపెడతామని ఒప్పుకోవాలి, అంటే 10,000 డాలర్లు తీసుకున్న ఊరు ఏడాదికి 1,000 డాలర్లు పన్నుల్లోంచి తీయాలి. ఆ రోజుల్లో ఒక చిన్న ఊరికి అది పెద్ద మాట. స్థలం ఎవరిచ్చారో, కౌన్సిల్‌లో ఎవరు వద్దన్నారో, ఎవరు పట్టుబట్టారో పాత మినిట్స్‌లోనూ పేపర్లలోనూ వెతకండి. దొరికిన ఒక్క కాగితం చదివి వినిపించి, మీ పిల్లల సంగతీ చెప్పండి, అదంతా రికార్డులోకి ఎక్కుతుంది.

ఒక్క మాట మర్చిపోకండి, హోదాతో డబ్బు దానంతటదే రాదు. పాత భవనాల మరమ్మతుకి ఇచ్చే 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకే, సిటీ నడుపుకునే లైబ్రరీకి మామూలుగా అందదు. అందుకని మైకు చేతిలో ఉండగానే కౌన్సిల్‌ని సూటిగా అడగండి: ఈ ఏడాది పైకప్పు, గట్టర్లు ఎవరు చూస్తారు, ఏ పద్దులోంచి?